స్టేడియంలో శవపేటిక: ‘తపీ’ సీరీస్ చూశాక

2021 అక్టోబర్ 7న మార్సెయ్‌లోని వెలోడ్రోమ్ స్టేడియంలో మ్యాచ్ లేదు. అయినా వేలమంది వచ్చి లైన్లో నిలబడ్డారు. లోపల ఒక శవపేటిక ఉంది. నాలుగు రోజుల కిందట, 78 ఏళ్ల వయసులో, కేన్సర్‌తో పోయిన బెర్నార్ తపీది అది. మర్నాడు లా మజోర్ కెథీడ్రల్‌లో అంత్యక్రియలు. సమాధి కూడా ఆ ఊళ్లోనే.

ఆయన ఆ ఊరివాడు కాదు. పారిస్‌లో పుట్టాడు. ఆ క్లబ్బుకి ఎప్పుడూ ఆడలేదు, కోచ్‌గా చెయ్యలేదు. 1986లో ఒలింపిక్ ద మార్సెయ్‌ని చేతిలోకి తీసుకున్నాడు, అంతే. 1993లో ఆ క్లబ్బు చాంపియన్స్ లీగ్ గెలిచింది. అంతకుముందు ఏ ఫ్రెంచ్ క్లబ్బుకీ ఆ కప్పు దక్కలేదు. సరిగ్గా ఆ ఫైనల్‌కి ఆరు రోజుల ముందు జరిగిన ఇంకో మ్యాచ్‌లో అవతలి ఆటగాళ్లకి డబ్బు ముట్టజెప్పిన కేసులో తపీ తర్వాత జైలుకెళ్లాడు. క్లబ్బు రెండో డివిజన్‌కి పడింది, దివాలా తీసింది. అలాంటి మాజీ ఓనర్‌ని కడసారి చూడటానికి ఆ క్లబ్బు అభిమానులే బారులు తీరారు.

నెట్‌ఫ్లిక్స్‌లో ‘తపీ’ సీరీస్ చూసినప్పటి నుంచీ నాకు ఆ లైన్ గురించే ఆలోచన. సీరీస్‌లో ఆ లైన్ లేదు. నా పేచీ అంతా అక్కడే.

*

నాకు తపీ పేరు మార్సెయ్ వల్ల తెలియలేదు, ఆర్సెనల్ వల్ల తెలిసింది. ఇంజినీరింగ్ హాస్టల్‌లో టీవీ గది ఉండేది. శని, ఆదివారాల రాత్రుళ్లు పది పదిహేనుమందిమి కూలబడి మ్యాచ్‌లు చూసేవాళ్లం. ఆర్సెన్ వెంగర్ పక్కన బెంచ్ మీద ఒకాయన ఎప్పుడూ మాట్లాడకుండా కూర్చునేవాడు. బోరో ప్రిమొరాట్స్. ఎవరీయన అని మేం ఏ రోజూ అనుకోలేదు. చాలా ఏళ్ల తర్వాత ఎక్కడో చదివితే తెలిసింది, 1993లో ఆయన వాలెన్సియెన్ అనే చిన్న క్లబ్బుకి కోచ్ అని. డబ్బులు ఎర చూపింది ఆయన ఆటగాళ్లకే అని.

కథ క్లుప్తంగా ఇది. 1993 మే 20న మార్సెయ్‌కి వాలెన్సియెన్‌తో లీగ్ మ్యాచ్. మే 26న మ్యూనిక్‌లో ఏసీ మిలన్‌తో ఫైనల్. ఫైనల్ ముందు ఎవరికీ దెబ్బలు తగలకూడదు, లీగ్ టైటిల్ కూడా చేజారకూడదు. మార్సెయ్ ఆటగాడు ఝాన్-ఝాక్ ఐదెలీ వాలెన్సియెన్‌లో తనకి తెలిసిన ముగ్గురు ఆటగాళ్లని కదిపాడు. క్లబ్బు మేనేజర్ బెర్నెస్ ఫోన్లో మాట్లాడాడు. ముగ్గురిలో ఝాక్ గ్లాస్‌మాన్ అనే డిఫెండర్ కుదరదన్నాడు. అనడమే కాదు, కోచ్‌కి చెప్పాడు. మ్యాచ్ నడుస్తుండగానే సంగతి రిఫరీ దాకా వెళ్లింది. మార్సెయ్ 1-0తో గెలిచింది. కొన్ని వారాలకి క్రిస్తోఫ్ రోబేర్ అనే ఇంకో వాలెన్సియెన్ ఆటగాడి బంధువుల పెరట్లో తవ్వితే 2,50,000 ఫ్రాంకులు దొరికాయి.

కేసు నడుస్తుండగా, సాక్ష్యం మార్చుకోమని తపీ తనకి డబ్బు ఇవ్వజూపాడని ప్రిమొరాట్స్ చెప్పాడు. ఆ సమయానికి తపీ తనతోనే ఉన్నాడని ఒక మాజీ మంత్రి చెప్పాడు. అది అబద్ధమని తేలి ఆ మాజీ మంత్రికీ శిక్ష పడింది. 1995 విచారణలో తపీ అన్న మాట ఫ్రాన్స్‌లో సామెతలా నిలిచిపోయింది: అబద్ధం చెప్పాను, కానీ నిజాయితీగానే చెప్పాను. అప్పీలులో రెండేళ్ల శిక్ష, అందులో ఎనిమిది నెలలు ఖచ్చితంగా జైలు. 1997లో లోపలికెళ్లి కొన్ని నెలలు ఉన్నాడు.

మార్సెయ్ టైటిళ్ల మీద టైటిళ్లు కొడుతున్న ఆ ఏళ్లలో మొనాకోకి కోచ్ వెంగర్. అందుకని నాబోటి ఆర్సెనల్ అభిమానికి ఈ కథలో విలన్ ఎవరో మొదటి నుంచీ తెలుసు. ఆ తేలికైన లెక్కని చెడగొట్టింది మా టీమ్‌లో పనిచేసే ఒక ఫ్రెంచ్ కొలీగ్. మార్సెయ్‌లో పుట్టి పెరిగాడు. 1993లో పదేళ్లవాడు. ఫైనల్ రాత్రి వాళ్ల నాన్న భుజాల మీద కూర్చుని పాత రేవు దగ్గర ఊరంతా అరవడం చూశాడు. 2021లో ఆ నాన్నని స్టేడియం లైన్లో నిలబెట్టింది తనే. బయటికొచ్చాక పెద్దాయన, “ఈ మనిషి మూలాన రెండేళ్లు రెండో డివిజన్ మ్యాచ్‌లు చూశాను” అని తిట్టాడట. ఆ తర్వాత ఏడ్చాడట. “ఏడ్చి తిట్టాడా, తిట్టి ఏడ్చాడా?” అని నేను కాల్‌లో అడిగాను. వాడు కాసేపు ఆలోచించి, “రెండూ ఒకేసారి” అన్నాడు.

*

సీరీస్ సంగతికొద్దాం. 2023 సెప్టెంబర్‌లో వచ్చింది. ఏడు ఎపిసోడ్లు. త్రిస్తాన్ సెగెలా, ఒలివియే దెమాంజెల్ తయారుచేశారు. తపీగా లొరాన్ లఫీత్. కుటుంబం ఒప్పుకోలేదు, అయినా తీశారు. ఇందులో కొంత కల్పన ఉందని ముందే చెప్పుకున్నారు.

బాగున్నదేమిటో ముందు చెప్పాలి. లఫీత్ అద్భుతంగా చేశాడు. తపీని మిమిక్రీ చెయ్యలేదు, తపీ ఆకలిని పట్టుకున్నాడు. 1966లో పాటలు పాడి పైకి రావాలని చూసిన కుర్రాడు, టీవీలు అమ్మిన సేల్స్‌మన్, చితికిపోయిన కంపెనీలని నామమాత్రపు ధరకి కొని పేరు తెచ్చుకున్న వ్యాపారి, అడిడాస్ కొన్నవాడు, 1992లో మంత్రి అయినవాడు. ఇన్ని జన్మలు ఒకే మనిషివి అంటే నమ్మించడం కష్టం. లఫీత్ ప్రతి జన్మలోనూ ఒకటే పని చేస్తాడు, అమ్ముతాడు. ఎదుటివాడు కొనేదాకా కళ్లు తిప్పడు. కొన్నాక అతని మీద ఆసక్తి పోతుంది. ఆ కళ్లలో వెలుగు ఆరిపోయే క్షణాన్ని పట్టుకోవడం మంచి నటుడికే సాధ్యం.

ఇబ్బంది కూడా అక్కడే మొదలవుతుంది. ఏడు గంటల పాటు ఆ మనిషి నాకు కూడా అమ్ముతాడు. నేను కొంటాను. బ్యాటరీల కంపెనీ వండర్‌ని తీసుకుని, ఫ్యాక్టరీలు మూసి, తర్వాత లాభానికి అమ్మిన మనిషి అని నాకు తెలుసు. తెలిసి కూడా తర్వాతి బేరం ఎలా కొడతాడో చూడాలని సోఫా మీద ముందుకి జరుగుతాను. సీరీస్ నన్ను మోసం చేసిందని అనను. ఆకర్షణ ఎలా పనిచేస్తుందో నాకు నా మీదే చూపించింది. కానీ చూపించి అక్కడే ఆగిపోయింది. చివరి ఎపిసోడ్లలో ప్రాసిక్యూటర్ ఎరిక్ ద మాంగోల్ఫియేతో తపీ ముఖాముఖి ఉంది. రాతలోనూ నటనలోనూ సీరీస్‌కి అదే శిఖరం. చట్టం ఒకవైపు, వాక్చాతుర్యం ఒకవైపు. ఎవరు గెలుస్తారా అని చూస్తూ ఉండిపోతాం. ఆ గదిలో ఇద్దరే ఉన్నారు. డబ్బు వద్దన్న ఆటగాడు అక్కడ లేడు.

ఇదే చిక్కుని ఇంకోలా ఎదుర్కొన్న సినిమా ఒకటి గుర్తొచ్చింది. ఆ మ్యూనిక్ ఫైనల్‌లో అవతలి జట్టు ఓనర్ సిల్వియో బెర్లుస్కోనీ. ఆయన కూడా మిలన్‌ని 1986లోనే కొన్నాడు. ఆయనా రాజకీయాల్లోకి వెళ్లాడు, ఆయన చుట్టూ కూడా కోర్టు కేసులే. 2017లో క్లబ్బుని అమ్మేశాడు. 2023 జూన్ 12న పోయాడు. మిలన్ కెథీడ్రల్ బయట చౌక్‌లో మిలన్ అభిమానులు జెండాలు పట్టుకుని, అధ్యక్షుడంటే నువ్వొక్కడివే అని అరిచారు. దేశంలో సగంమంది అసహ్యించుకున్న మనిషి ఆయన. 2006లో నాన్ని మొరెత్తి ‘ఇల్ కైమానో’ అని బెర్లుస్కోనీ మీద సినిమా తీశాడు. అందులో ఆ పాత్ర ఒక్కరిది కాదు, చేతులు మారుతుంది. చివర్లో మొరెత్తియే వచ్చి వేస్తాడు. నవ్వడు, జోకులెయ్యడు, పాడడు. బెర్లుస్కోనీని జనానికి దగ్గర చేసిన ప్రతిదాన్నీ ఒలిచేస్తాడు. మిగిలినదాన్ని చూస్తే భయమేస్తుంది.

మొరెత్తి పద్ధతే సరైనదని నేను అనను. ఆకర్షణ మొత్తం తీసేస్తే ఆ మనిషి వెనక అంతమంది ఎందుకు నడిచారో అర్థం కాదు. సెగెలా పద్ధతిలో అది అర్థమవుతుంది కానీ బిల్లు ఎవరు కట్టారో తెలియదు. ఒక సినిమాలో ప్రేమకి చోటు లేదు, ఒక సీరీస్‌లో లెక్కకి చోటు లేదు. వెలోడ్రోమ్ ముందు నిలబడ్డ పెద్దాయన రెండింటిలోనూ ఇమడడు.

*

సీరీస్ ఎక్కడ ఆగిందో చూడండి. 1997, జైలు తలుపు. కథకి అది చక్కటి ముగింపు. ఎగిరినవాడు పడ్డాడు, అయిపోయింది. నిజంలో అక్కడ ఏదీ అవ్వలేదు. బయటికొచ్చాక తపీ నాటకాల్లో వేశాడు, టీవీలో పోలీసు అధికారి పాత్ర వేశాడు. అడిడాస్ అమ్మకం విషయంలో క్రెడి లియొనే బ్యాంకుతో పెట్టుకున్న గొడవలో 2008లో ఆర్బిట్రేషన్ ఆయనకి 40 కోట్ల యూరోల పైన ఇప్పించింది. 2015లో కోర్టు దాన్ని రద్దు చేసి తిరిగి కట్టమంది. దాని మీద క్రిమినల్ కేసు కూడా నడిచింది. 2019లో నిర్దోషి అన్నారు, ప్రభుత్వం అప్పీలుకెళ్లింది. ఆ అప్పీలు తీర్పు 2021 అక్టోబర్ 6న రావాల్సి ఉంది. ఆయన 3న పోయాడు. చనిపోయిన మనిషి మీద క్రిమినల్ కేసు నిలవదు. తీర్పు రావాల్సిన రోజున పారిస్ చర్చిలో ఆయన కోసం ప్రార్థన జరిగింది.

కోర్టు చెప్పాల్సిన ఆఖరి మాట చెప్పకుండానే మిగిలిపోయింది. మర్నాడు స్టేడియం గేట్లు తెరిచారు. తీర్పు లేని మనిషికి వీడ్కోలు చెప్పే పని అభిమానుల మీద పడింది. ఏ స్క్రీన్‌ప్లే రచయితా ఇంతకంటే మంచి ఘట్టం రాయలేడు. సీరీస్ దాన్ని వదిలేసింది. వదిలెయ్యడం వల్ల సుఖపడింది కూడా. ఇతన్ని ఏం చేసుకోవాలి అన్న ప్రశ్నకి జవాబు చెప్పే అవసరం తప్పిపోయింది.

మనం కూడా అలాగే తప్పించుకుంటాం. తెలుగులో నివాళి వ్యాసం ఎలా ఉంటుందో ఈ పత్రిక పాఠకులకి చెప్పక్కర్లేదు. మొదటి పరిచయం, ఇరానీ హోటల్లో చాయ్, భుజం మీద వెయ్యబడిన చెయ్యి, మొన్ననే మాట్లాడిన ఆఖరి ఫోన్ కాల్, తీరని లోటు. పోయినాయన అప్పు ఎగ్గొట్టినవాడైనా, ఇంట్లోవాళ్లని ఏడిపించినవాడైనా, కుర్ర రచయితల్ని తొక్కినవాడైనా, వ్యాసం మాత్రం మారదు. ఆ సాయంత్రమే ఇంకెవరో సోషల్ మీడియాలో రెండో రకం వ్యాసం రాస్తారు. అందులో చాయ్ ఉండదు, మొత్తం చార్జిషీటే. ఈ రెండు వ్యాసాలూ ఒకదాని మీద ఒకటి కోపంగా ఉంటాయి కానీ రెండూ ఒకటే నమ్ముతాయి, ఒక మనిషికి ఒక మొత్తమే ఉంటుందని. కూడికలూ తీసివేతలూ అయ్యాక మిగిలిన అంకె ప్లస్సా, మైనస్సా అన్నదే గొడవ.

*

మా తాత పోయినప్పుడు నాకు పన్నెండేళ్లు. గుంటూరు జిల్లాలో మా ఊరు. తాత పేకాటకి ఎకరంన్నర పోగొట్టాడని ఊరందరికీ తెలుసు. శవాన్ని వాకిట్లో పడుకోబెట్టారు. నాయనమ్మ పక్కన కూర్చుని రాగాలు తీసి ఏడవడం మొదలుపెట్టింది. ఆ ఏడుపులో ఏం లేవు? నా మెడలో గొలుసు తీసుకెళ్లి తాకట్టు పెట్టావు కదయ్యా అంది. కూతురి పురిటికి కాసు లేకుండా చేశావు కదయ్యా అంది. పొద్దున్నే నువ్వు కేకెయ్యకపోతే నాకెట్టా తెల్లారుద్దయ్యా అని కూడా అంది, అదే ఊపిరిలో, అదే రాగంలో. చుట్టూ ఉన్న ఆడవాళ్లెవరూ ఉలిక్కిపడలేదు. ఇది తిట్టా, ప్రేమా అని ఎవరూ విడదియ్యలేదు. ఎరువుల కొట్టు బాకీ సంగతి నాయనమ్మ మర్చిపోతే పక్కింటావిడ అందించింది కూడా.

పెద్దయ్యాక కథలూ వ్యాసాలూ చదవడం అలవాటయ్యాక నాకు అనిపించింది, మా నాయనమ్మకి ఉన్న రూపం మన రాతలో లేదని. రాగం తీసి ఏడవడం తీర్పు కాదు, అక్కడ మొత్తం తేలదు. గొలుసు గొలుసే, కేక కేకే. ఒకటి ఇంకోదాన్ని తగ్గించదు. ‘మిశ్రమ భావాలు’ అంటాం కదా, పాలూ నీళ్లూ కలిసి పల్చబడ్డట్టు. కానీ ఆ పన్నెండేళ్ల పిల్లాడికి అక్కడ కనిపించినది పల్చబడ్డది కాదు. రెండు చిక్కటి పదార్థాలు పక్కపక్కన ఉన్నాయి.

వెలోడ్రోమ్‌లో జరిగింది అలాంటిదే అని నా నమ్మకం. మార్సెయ్ అభిమానులకి ఎవరూ కొత్తగా చెప్పాల్సింది లేదు. 1992-93 ఫ్రెంచ్ లీగ్ టైటిల్ వాళ్ల దగ్గర్నుంచి తీసేశారు. దాన్ని ఇంకెవరికీ ఇవ్వలేదు, రికార్డుల్లో ఆ గడి ఖాళీ. చాంపియన్స్ లీగ్ మాత్రం తీసెయ్యలేదు. మ్యూనిక్‌లో అబేదీ పెలే కొట్టిన కార్నర్‌ని బసీల్ బోలీ తలతో లోపలికి పంపిన ఆ గోల్ వాళ్లదే. మార్సెయ్ చొక్కా మీద చిహ్నం పైన ఒక నక్షత్రం ఉంటుంది, ఆ కప్పుకి గుర్తుగా. ‘ఎప్పటికీ మొదటివాళ్లం మేమే’ అన్నది వాళ్ల నినాదం. 2025 మేలో పారిస్ సాంజెర్మాఁ కూడా కప్పు గెలిచింది, అదీ మ్యూనిక్‌లోనే. అయినా ఆ నినాదం చెడలేదు. మొదటివాళ్లు మొదటివాళ్లే కదా.

కానీ ఆ నక్షత్రం తొడుక్కున్న ప్రతిసారీ ఆ ఖాళీ గడి కూడా తొడుక్కున్నట్టే. తపీని ప్రేమించడమంటే నక్షత్రాన్నీ, రెండో డివిజన్‌నీ, 1995లో రెండో డివిజన్ గెలిచి కూడా దివాలా వల్ల పైకి వెళ్లలేకపోయిన ఏడాదినీ కలిపి మొయ్యడం. వాళ్లు అది మోశారు. అందుకే వాళ్లకి నాయనమ్మలాగా ఏడ్చే హక్కు ఉంది. నష్టపోయినవాళ్లు తిడుతూ ఏడిస్తే అందులో అబద్ధం లేదు.

ఇక్కడిదాకా వచ్చి వ్యాసం ఆపేద్దామనుకున్నాను. నాయనమ్మ గెలిచింది, సీరీస్ ఓడింది. రెండు రోజులు అలాగే వదిలేశాను కూడా.

*

అప్పుడు గ్లాస్‌మాన్ మళ్లీ అడ్డొచ్చాడు.

నాయనమ్మ ఏడుపులో గొలుసు ఉంది, కూతురి పురుడు ఉంది, ఎరువుల కొట్టు బాకీ ఉంది. ఆ బాకీ రాక తన కొట్టు మూసుకున్న మనిషి ఉన్నాడా? లేడు. బాకీ ఉంది, మనిషి లేడు. ఆ ఏడుపు ఇంటివాళ్లది. ఇంటివాళ్ల నష్టం మాత్రమే అందులో లెక్క.

వాలెన్సియెన్ ఆ సీజన్ చివర్లో మొదటి డివిజన్ నుంచి దిగిపోయింది. మర్యాదగా ఆడి, నిజం చెప్పిన ఆటగాడు కాబట్టి గ్లాస్‌మాన్‌ని అందరూ మెచ్చుకుని ఉంటారని మనం అనుకుంటాం. ఫ్రాన్స్ స్టేడియాల్లో అతను బంతి ముట్టుకుంటే ఈలలు వేశారు. నోరు విప్పి అందరి కలా పాడుచేసినవాడు అతను. 1995లో ఫీఫా అతనికి ఫెయిర్ ప్లే అవార్డు ఇచ్చింది. అవార్డు ఒక రోజు, ఈలలు ఎన్నో వారాలు. అతను పోయినప్పుడు ఏ స్టేడియం గేట్లూ తెరవరు. తెరవాలని ఎవరికీ తట్టదు కూడా.

ఒక మనిషి చావు మీద మిశ్రమ భావాలు కలగాలంటే ముందు ఆ మనిషి దగ్గర మనకి ఏదో ముట్టి ఉండాలి. కప్పో, జీతమో, భుజం మీద చెయ్యో. ఏమీ ముట్టనివాడికి మిశ్రమం ఎక్కడిది? మిశ్రమ భావాలు లాభం పొందినవాళ్ల ఆస్తి. వాటిని చూసి మనం ఎంత ప్రౌఢంగా ఆలోచిస్తున్నామో అని మురిసిపోతాం. నేను మురిసిపోయాను.

ఈ మాట ఊరికే అనడం లేదు. నా మొదటి కంపెనీ ఫౌండర్ పోయిన ఏడాది చనిపోయారు. మేమంతా సార్ అనేవాళ్లం. పాత ఉద్యోగుల వాట్సాప్ గ్రూపులో వరసగా ‘ఓం శాంతి’లు, చేతులు జోడించిన బొమ్మలు. నేను టైప్ చేసి చెరిపేశాను, మళ్లీ టైప్ చేశాను. మా నాన్నకి ఆపరేషన్ అయినప్పుడు రాత్రి పదకొండింటికి హాస్పిటల్‌కి వచ్చి డిపాజిట్ కట్టిన మనిషి ఆయన. ఒక పెద్ద క్లయింట్‌కి డెమో ముందు, పని చెయ్యని మాడ్యూల్‌ని పని చేస్తున్నట్టు చూపించమన్న మనిషీ ఆయనే. మా టెస్టింగ్ లీడ్, మేం అక్కా అని పిలిచే ఆవిడ, ఆ రిపోర్ట్ మీద సంతకం పెట్టనంది. నెల తిరక్కుండా ఆవిడ పనితీరు బాగోలేదన్నారు. పంపేశారు. ఆ రిపోర్ట్ మీద సంతకం నేను పెట్టాను. డెమో బ్రహ్మాండంగా జరిగింది. ఆ ఏడాది నాకొచ్చిన హైక్‌తోనే మా చెల్లి పెళ్లి అప్పు తీర్చాను.

గ్రూపులో నేను పెద్ద మెసేజే పెట్టాలనుకున్నాను. నిజాయితీగా, రెండు వైపులా చెబుతూ. అప్పుడు మెంబర్ల లిస్టు చూస్తే అందులో అక్క నంబర్ లేదు. ఎవరూ తీసెయ్యలేదు, అసలు ఎప్పుడూ చేర్చలేదు. ఫోన్ చేశాను. “సార్ పోయారక్కా, తెలుసా?” అన్నాను. “ఆఁ, ఎవరో చెప్పారు” అంది. నేను ఇంకేదో అంటుందని ఆగాను. “మీ నాన్నగారు ఎలా ఉన్నారిప్పుడు?” అని అడిగింది. తర్వాత వాళ్ల అబ్బాయి ఇంటర్‌లో ఏ గ్రూప్ తీసుకోవాలో అరగంట మాట్లాడుకున్నాం. ఆయన మీద ఆవిడకి కోపమూ లేదు, బాధా లేదు. మిశ్రమ భావాలన్నీ నా దగ్గరే ఉన్నాయి.

గ్రూపులో నేనేం రాయలేదు. సారీ అని ఆవిడతో కూడా అనలేదు. అది ఇంకో వ్యాసం, నాకింకా రాయడం చేతకాదు.

*

అందుకని ‘తపీ’ మీద నా ఫిర్యాదు ఇప్పుడు కొంచెం మారింది. తపీని మరీ అందంగా చూపించారని కాదు. అందగాడే, చూపించండి. చెడ్డపనులు దాచారని కూడా కాదు, దాచలేదు. ఒక మనిషి కథని అతని దగ్గర లాభం పొందినవాళ్ల కళ్లతోనే చూడనిచ్చారు, నాతో సహా. ఆ కళ్లకి ఎంత పాపం చూపించినా అది పాత్రకి లోతు తెచ్చే సరుకులాగే కనిపిస్తుంది. అతనిలో ఎన్ని ఛాయలున్నాయో అని మెచ్చుకుంటాం. గ్లాస్‌మాన్‌కి ఛాయలు లేవు. వద్దన్నాడు, వెళ్లి చెప్పాడు, అంతే. నాటకీయత లేని మనిషి. అలాంటివాడిని మధ్యలో కూర్చోబెట్టి ఏడు ఎపిసోడ్లు తియ్యగలిగితే ఆ సీరీస్ ఎలా ఉంటుందో నేను ఊహించలేకపోతున్నాను. ఊహించలేకపోవడం నా లోపం కూడా.

వెలోడ్రోమ్ లైన్లో నిలబడ్డ పెద్దాయనని నేను తప్పుపట్టను. ఆయన తిట్టాడు, ఏడ్చాడు, ఇంటికెళ్లాడు. తనకి ముట్టినదానికి తన వంతు కట్టాడు. ఒలింపిక్ ద మార్సెయ్ నక్షత్రం ఆయనకి ఉండాల్సిందే. ఆ ఏడుపుని కళగా మార్చాలనుకున్నవాళ్లు మాత్రం ఆయన దగ్గర ఆగిపోకూడదు. వాకిట్లో శవం పక్కన ఇంటివాళ్లు ఏడుస్తుంటే, వీధిలో కొట్టు మూసుకుని కూర్చున్న మనిషి దాకా కూడా నడిచి వెళ్లాలి.

సీరీస్ చూడండి. లఫీత్ కోసమైనా చూడాల్సిందే, అందులో సందేహం లేదు. ఏడో ఎపిసోడ్ అయ్యాక, జైలు తలుపు మూసుకున్నాక, నెట్‌ఫ్లిక్స్ మీకు ఇంకేదో చూడమని చూపిస్తుంది. దానికంటే ముందు ఝాక్ గ్లాస్‌మాన్ అని కొట్టి, దొరికిన ఫొటో ఒక్క నిమిషం చూడండి.